యోగ్యతాలేఖలు – ఆప్తవాక్య లక్షణం

ఉత్తర తెలంగాణలో 'సిఫారసు' అనే మాటకు మంచి పేరు లేదు. నిజాం కాలపు కచేరీల నుండి జనవ్యవహారంలోకి దిగిన ఈ మాట కరీంనగరంలో గాని, ఆదిలాబాదులో గాని చెవిని పడినపుడు వినేవారికి ముందుగా స్ఫురించేది పరపతి. 'వానికి సిఫారసు ఉన్నది' అంటే వాని తరఫున మాట్లాడగల పెద్దమనిషి ఒకడు ఉన్నాడని అర్థం. వానికి ఏమి తెలియును, ఏమి చేతనగును అన్న ప్రసంగం అందులో లేదు. విద్యార్థి కోసం అధ్యాపకుడు రాసే లేఖకు సైతం వాడుకలో ఇదే పేరు స్థిరపడిపోవడం వల్ల రెండు అపోహలు ప్రబలినవి. లేఖ రాసినవాని హోదాను బట్టి ఫలిస్తుందన్నది మొదటిది. అది గురువు దయతో చేసే ఉపకారమే గాని బోధనాధర్మంలో భాగం కాదన్నది రెండవది. 'యోగ్యతాపత్రం' అనే పాత మాటలో ఈ దోషం లేదు. అందులో ఉన్నది విద్యార్థి యోగ్యతే. ఆ మాటనే గ్రహించి, ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు రాస్తున్న ఇట్టి లేఖల తీరును విచారించవలసిన అవసరం ఉన్నది.

లేఖతో పని లేని చోట్లు లేకపోలేదు. ప్రవేశపరీక్షలో వచ్చిన మార్కులే నిర్ణాయకములైన చోట, నియామకపరీక్ష ద్వారా జరిగే భాషాపండిత ఎంపికలలో, ఎవరి లేఖనూ ఎవరూ అడుగరు. అది న్యాయమే. కాని విదేశీ విశ్వవిద్యాలయాలలో ప్రవేశాలకు, పరిశోధన వేతనాలకు, తాళపత్ర గ్రంథాల సూచీ నిర్మాణానికి, ప్రాచీన గ్రంథాలను కంప్యూటరులోకి ఎక్కించే పథకాలకు, అనువాద పథకాలకు, కొన్ని ప్రైవేటు విద్యాసంస్థలలోని ఉద్యోగాలకు గురువుల లేఖలు రెండో మూడో జతపరచవలసి ఉంటుంది. ఇట్టి అవకాశాలు ప్రాచ్యవిద్యార్థులకు ముప్పై యేండ్ల క్రితం కంటె నేడు ఎక్కువ.

గోదావరీతీరాన ధర్మపురిలోను, రాజరాజేశ్వరుని క్షేత్రమైన వేములవాడలోను వెలసిన సంస్కృతాంధ్ర విద్యాలయాలలో చదివినవారిలో తమ ఇంటి నుండి కళాశాల మెట్టెక్కిన మొదటివారు ఎందరో ఉన్నారు. సిరిసిల్ల మరమగ్గాల మీద పనిచేసేవారి బిడ్డలు, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు, తండ్రి గల్ఫుకు వలసపోగా తాతయ్య దగ్గర పెరిగినవారు వీరిలో కనిపిస్తారు. పట్టణ విద్యార్థికి బంధువులలో ఒక ఆచార్యుడో, విదేశంలో ఉన్న అన్నయ్యో ఉంటాడు. దరఖాస్తులో ఏ గడిలో ఏమి రాయవలెనో చెప్పగలవాడు దొరుకుతాడు. ఈ విద్యార్థికి దొరికేవాడు తన అధ్యాపకుడు ఒక్కడే. ఆయన రాసిన ఒక పుటయే దూరదేశంలోని పరీక్షకుని యెదుట ఇతని తరఫున మాట్లాడవలెను.

ఆ పుట ఎట్లున్నది? సాధారణంగా రెండు రకాల లేఖలు కనబడుతున్నవి. మొదటి రకం టి.సి.కి తమ్ముని వంటిది. ఫలానావాడు ఫలానా సంవత్సరాలలో ఈ కళాశాలలో చదివినాడు, క్రమశిక్షణ గలవాడు, వినయశీలి, కష్టపడే స్వభావం గలవాడు, నడవడిక తృప్తికరం, ఇతనికి ఉజ్జ్వల భవిష్యత్తు కలుగవలెనని ఆకాంక్ష. ఇందులో పేరు కొట్టివేసి మరొక పేరు పెట్టినా మిగిలినదానిలో ఒక్క అక్షరం మార్చవలసిన పని ఉండదు. అట్లే మారుస్తున్నారు కూడ. రెండవ రకం ప్రశస్తి. విద్యార్థి సరస్వతీపుత్రుడు, సకలశాస్త్ర పారంగతుడు, సుగుణాల ప్రోవు, కళాశాలకు మణిదీపం. ఈ విశేషణాలు సన్మానపత్రంలో శోభిస్తాయి. శాలువకు, పూలదండకు తోడుగా చదివితే సభ చప్పట్లు కొడుతుంది. ఇంగ్లీషులోకి మార్చి, వందల దరఖాస్తులను పరిశీలించి అలసిన ఒక అపరిచితుని ముందు పెట్టినపుడు వీటి గతి ఏమగునో ఊహించడం కష్టం కాదు.

ఈ రెండు రకాల లేఖలూ విఫలం కావడానికి కారణం ప్రాచ్యవిద్యాభ్యాసం చేసినవారికి కొత్త కాదు. లేఖ చదివే పరీక్షకునికి విద్యార్థి విషయంలో ప్రత్యక్షం లేదు. అతడు ఆధారపడవలసినది శబ్దప్రమాణం మీద. ఏ శబ్దం ప్రమాణం? ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణమని న్యాయశాస్త్రం నిర్ణయించినది. ఆప్తుడెవడు? విషయాన్ని స్వయంగా సాక్షాత్కరించుకొన్నవాడు, తాను చూచినదానిని చూచినట్లు చెప్పవలెననే కోరికతో మాట్లాడేవాడు అని వాత్స్యాయనుడు భాష్యంలో వివరించినాడు. ఈ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమేనని కూడ ఆయన చెప్పినాడు. కులగోత్రాలు గాని, పదవి గాని ఆప్తత్వాన్ని ఇవ్వవన్నమాట. 'సిఫారసు' భావన అంతా ఈ ఒక్క వాక్యంతో కూలిపోతుంది. విద్యార్థిని ఎరుగని ప్రిన్సిపాలు సంతకం కంటె, మూడేండ్లు వాని చేత కౌముది చదివించిన ఉపన్యాసకుని సంతకం విలువైనది. కాని పల్లెనుండి వచ్చిన పిల్లవాడు ముందుగా వెళ్లేది ప్రిన్సిపాలు గది ముందుకే. ఇంకను భయపడితే ఎమ్మెల్యే ఇంటి ముందుకు. వానిని సరియైన తలుపు వద్దకు మళ్లించడం కూడ అధ్యాపకుని పనియే.

ప్రశస్తిరూపమైన లేఖను గురించి మీమాంసకుల మాట వినదగినది. కేవల స్తుతివాక్యం అర్థవాదం. అది ఒక విధికి అంగమైనపుడే దానికి ప్రామాణ్యం, స్వతంత్రంగా లేదు. లేఖలో 'మేధావి' అన్న విశేషణం అర్థవాదం. దాని వెనుక ఒక పని, ఒక సంఘటన, ఒక వ్యాసం ఉండి, ఆ విశేషణం దానిని అనుసరించి వచ్చినదైతే నిలుస్తుంది. లేకున్న గాలిలో ఉంటుంది.

యోగ్యతాకథనానికి ఆదికావ్యంలోనే ఉత్తమమైన మాదిరి ఉన్నది. కిష్కింధాకాండ మూడవ సర్గలో భిక్షురూపంలో వచ్చిన హనుమంతుని మాటలు విని రాముడు లక్ష్మణునితో అతనిని గురించి చెబుతాడు. అప్పటికి పరిచయం కొన్ని నిమిషాలది మాత్రమే. అయినను ఆ మాటలు లోకానికి ప్రమాణమైనవి. కారణం స్పష్టం. రాముడు తాను విన్నదానిని, కన్నదానిని మాత్రమే ఆధారం చేసుకొన్నాడు. ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొరలలేదు, కనుక ఇతడు వ్యాకరణం పలుమార్లు విన్నవాడు. వేదాలలో శిక్షణ లేనివాడు ఇట్లు మాట్లాడలేడు. మాట్లాడుతున్నపుడు కన్నులలో గాని, నుదుట గాని, కనుబొమలలో గాని వికారం లేదు. మాట సాగదీయలేదు, సందేహానికి చోటు ఇవ్వలేదు, తొందరపడలేదు, తడబడలేదు. మొదట చూచినది, పిమ్మట దాని నుండి అనుమానం, చివరకు ఇట్టి దూత గల రాజు పనులు నెరవేరుతాయన్న నిర్ణయం. హనుమంతుని బలం, పరాక్రమం రాముడింకను చూడలేదు. వాటిని గురించి ఒక్క మాట కూడ అనలేదు. నేటి లేఖలలో లోపించినది ఈ సంయమమే. సంస్కృతం మాత్రమే బోధించిన అధ్యాపకుడు విద్యార్థి 'క్రీడలలోను, కంప్యూటరులోను నిష్ణాతుడు' అని రాయడంలో ప్రయోజనం లేదు, ప్రామాణ్యమూ లేదు.

మరొక మాదిరి కరీంనగర్ జిల్లాలోనే శిలపై నిలిచి ఉన్నది. గంగాధర మండలంలో కురిక్యాల సమీపాన బొమ్మలగుట్ట మీద పదవ శతాబ్దికి చెందిన జినవల్లభుని శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఉన్నది. అందలి తెలుగు కందపద్యాల ప్రాచీనతను గురించి తెలుగు ఆచార్యులు ఎంతో చర్చించినారు. ప్రస్తుత విషయానికి కావలసినది వేరు. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. అన్నను గురించి అతడు ఇచ్చిన వివరాలు గమనించదగినవి: వంశమేది, తల్లిదండ్రులెవరు, ఏ కావ్యం రచించినాడు, ఆ విక్రమార్జునవిజయానికి ఏ రాజు ఏ అగ్రహారమిచ్చినాడు. శాసనంలో పొగడ్త కూడ ఉన్నది. పంపని కాలాన్ని, కుటుంబాన్ని, వేములవాడ చాళుక్యుడైన అరికేసరితో అతని సంబంధాన్ని నిర్ణయించుకోవడానికి పండితులకు వేయి సంవత్సరాల తరువాత అక్కరకు వచ్చినవి మాత్రం ఆ పేర్లు, ఆ ఊళ్లు, ఆ కావ్యం. సొంత తమ్ముడు రాసిన లేఖను నేటి ఏ విశ్వవిద్యాలయమూ అంగీకరించదన్నది వేరే సంగతి!

లేఖ ఎట్లుండవలెనన్న దానిపై కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండవ అధికరణంలో శాసనాధికారమనే ప్రకరణమే రచించినాడు. అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం అని లేఖకు ఆరు గుణాలు చెప్పినాడు. ఇందులో పరిపూర్ణతకు ఆయన ఇచ్చిన వివరణ బహుమూల్యమైనది. అర్థంలో, పదంలో, అక్షరంలో తక్కువ గాని ఎక్కువ గాని లేకుండడం, హేతువుతో, ఉదాహరణతో, దృష్టాంతంతో విషయాన్ని వర్ణించడం అందులో చేరినవి. దోషాలు అయిదు. కాంతి లేకపోవడం, పూర్వాపర విరోధం, పునరుక్తి, అపశబ్దం, విభజన తప్పడం. నల్లబడిన జిరాక్సు కాగితం, వంకరగా పడిన రబ్బరు ముద్ర, అక్షరాలు సగం మాయమైన కళాశాల పేరు కౌటిల్యుడు చెప్పిన అకాంతి కిందకే వస్తాయి. మొదటి పేరాలో 'అత్యుత్తముడు' అని, దరఖాస్తుతో వచ్చిన పట్టికలో మాత్రం 'సగటు' అన్న గడిలో టిక్కు పెట్టడం వ్యాఘాతం. ఈ రెండవ దోషం తరచుగా జరుగుతున్నది. పట్టికను తొందరలో నింపడమే దానికి కారణం.

గుణదోష విచారం ఇంతటితో ఆపి అసలు కష్టానికి రావలెను. ప్రాచ్యవిద్య ఎట్టిదో లేఖ చదివేవానికి తెలియదు. బి.ఓ.ఎల్., భాషాప్రవీణ వంటి పేర్లు వానికి అపరిచితములు. కరీంనగర్ ప్రాంతపు కళాశాలలు ఒకప్పుడు ఉస్మానియా పరిధిలో ఉండెడివి. 1976లో కాకతీయ, 2008లో శాతవాహన విశ్వవిద్యాలయాలు ఏర్పడినవి. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయి ధర్మపురి జగిత్యాల జిల్లాకు, వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాకు చేరినవి. ఫలితంగా అన్నదమ్ములిద్దరు ఒకే కళాశాలలో చదివినా వారి పట్టాల మీద విశ్వవిద్యాలయాల పేర్లు వేరు, చిరునామాలో జిల్లా పేరు వేరు. బయటివానికి ఇది అనుమానాస్పదంగా కనబడుతుంది. అధ్యాపకుడు రెండు వాక్యాలలో దీనిని విప్పి చెప్పకపోతే చెప్పేవాడు ఇంకొకడు లేడు.

అంతకంటె ముఖ్యమైనది ఈ విద్యలోని ప్రత్యేకశక్తి. అమరకోశం మూడు కాండలు కంఠస్థం చేసిన విద్యార్థిని గురించి 'ఇతనికి అమరం కంఠస్థం' అని మాత్రమే రాస్తే, వల్లెవేయడమే చదువని ఇతడు భావిస్తున్నాడేమోనని పాశ్చాత్య పరీక్షకుడు సందేహించవచ్చు. ఆ ధారణ ఎక్కడ అక్కరకు వచ్చినదో చెప్పవలెను. ఉదాహరణకు, తాళపత్రప్రతిలో ఒక కందపద్యం రెండవ పాదంలో పురుగు తిన్న చోట ఒక అక్షరం పోయినదనుకొందము. ప్రాసను బట్టి ఆ అక్షరం ఏ హల్లుతో ఉండవలెనో, గణాన్ని బట్టి గురువో లఘువో, అన్వయాన్ని బట్టి ఏ పదమో నిర్ణయించగల విద్యార్థి ఒక ప్రాచ్యకళాశాల తరగతిలో దొరుకుతాడు. పెద్ద విశ్వవిద్యాలయాలలో సిద్ధాంతచర్చలు బాగుగా తెలిసినవారికి కూడ ఈ పని చేతగాకపోవచ్చు. లిఖితప్రతుల పరిష్కరణకు, శాసనపఠనానికి ఇది ఎంతటి సాధనమో! ఇంతటి విద్య విద్యార్థి చేతిలో ఉండగా లేఖలో 'వినయశీలి' అని రాసి ముగించడం అన్యాయం. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో నాట్యాచార్యులిద్దరి వివాదం తీర్చడానికి కూర్చున్న పరివ్రాజిక వారి వాదాలను వినడానికి ఒప్పుకోలేదు. శిష్యురాలి ప్రయోగాన్నే చూపమన్నది. లేఖలో ప్రయోగం చూపవలెను. ఏ పద్యం, ఏ పాఠం, ఏ సందేహం, విద్యార్థి దానిని ఎట్లు తీర్చినాడు అని నాలుగు వాక్యాలు రాసినా చాలును. బాలవ్యాకరణంలోని ఒక సంధిసూత్రం చెప్పుతుండగా, తమ ఊరి వాడుకలో ఆ సంధి అట్లు జరగదని లేచి చెప్పిన విద్యార్థి ఉంటే, ఆ ప్రశ్నను లేఖలో రాయవలెను. పరీక్షకుడు తన వద్దకు రావలెనని కోరుకొనేది అట్టి విద్యార్థినే.

ఆదిలాబాదు వైపు ఈ మాటకు ఇంకను బలం చేకూరుతుంది. ఉట్నూరు, ఆసిఫాబాదు అడవి ప్రాంతాలలో గోండి మాతృభాషగా గలవారు, కొలామీ మాతృభాషగా గలవారు ఉన్నారు. 1943లో హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రం ఏర్పడిన నాటి నుండి ఈ సమాజాల నుండి విద్యావంతులు వస్తూనే ఉన్నారు. అట్టి విద్యార్థి తెలుగు వ్యాకరణం చదివితే అధ్యాపకుని లేఖలో సాధారణంగా కనబడే మాట 'వెనుకబడిన ప్రాంతం నుండి వచ్చినప్పటికిని' అన్నది. ఈ 'అప్పటికిని' ఎంత అపకారం చేస్తుందో రాసినవారు గమనించరు. గోండి తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినదని భద్రిరాజు కృష్ణమూర్తి ప్రభృతులు నిరూపించినారు. కొలామీ మధ్యద్రావిడ శాఖలోనిది. ఎమెనో ఆ భాష మీద 1955లో ప్రత్యేకగ్రంథమే ప్రకటించినాడు. కనుక ఇంట గోండి, బడిలో తెలుగు, కళాశాలలో సంస్కృతం నేర్చిన విద్యార్థికి తులనాత్మక ద్రావిడ భాషాధ్యయనంలో ఇతరులకు లేని ఆధిక్యం ఉన్నది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన ప్రతులలోని గోండిలిపి 2018లో యూనికోడులో చేరినది. ఆ లిపిలోని రాతలను చదివి, తెలుగులో వివరించగలవారు కావలసి ఉన్నారు. ఇట్టి పనికి దరఖాస్తు చేసే గోండు విద్యార్థి లేఖలో 'అప్పటికిని' అన్న చోట 'కావుననే' అని రాయవలసి ఉన్నది.

కుటుంబ కష్టాలను లేఖలో రాయవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ పుట్టుతుంది. తల్లి బీడీలు చుట్టి చదివించినదని రాయడం కొందరికి గౌరవం, కొందరికి అవమానం. విద్యార్థి అనుమతి లేనిదే అది రాయరాదు. అనుమతి ఉన్నను జాలి పుట్టించడానికి రాయరాదు. చదువులో కనబడిన ఒక విషయాన్ని అది వివరించేటట్లయితే మాత్రమే రాయవచ్చు. మొదటి సంవత్సరంలో మార్కులు తగ్గి తరువాత పెరిగినవంటే, ఆ యేడు ఇంటి బరువు విద్యార్థి మీద పడినదని చెప్పడం ఉపయుక్తం. కులాన్ని, వంశాన్ని, తాతముత్తాతల పౌరోహిత్యాన్ని పేర్కొనే అలవాటు కొన్ని కళాశాలలలో ఇప్పటికిని పోలేదు. జినవల్లభునికి అది ఆచారం. నేటి అధ్యాపకునికి అనవసరం, హానికరం కూడ.

విద్యార్థినుల విషయంలో ఒక దోషం ప్రత్యేకంగా చెప్పవలెను. అబ్బాయి లేఖలో 'ప్రతిభాశాలి', అమ్మాయి లేఖలో 'అణకువ గలది, శ్రద్ధగలది'. ఇద్దరికి వచ్చిన మార్కులు సమానమే, కొన్నిచోట్ల అమ్మాయికే ఎక్కువ. ఈ వైషమ్యం ఈ జిల్లాలకే పరిమితం కాదు. అమెరికాలోని ఒక వైద్యకళాశాలలో అధ్యాపక పదవుల కోసం వచ్చిన మూడు వందలకు పైగా లేఖలను ట్రిక్స్, సెంకా అనే పరిశోధకురాండ్రు పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించినారు. స్త్రీల కోసం రాసిన లేఖలు సగటున పొట్టివి. వాటిలో సందేహం కలిగించే మాటలు ఎక్కువ. కష్టపడే గుణాన్ని గురించిన ప్రస్తావన ఎక్కువ, పరిశోధనను గురించినది తక్కువ. రాసినవారికి దురుద్దేశం లేకపోవచ్చును. 'అణకువ' అన్న మాట రాయబోయే ముందు అదే మాట అబ్బాయికి రాస్తారా అని ఒకసారి ప్రశ్నించుకొంటే ఈ దోషం చాలవరకు తొలగుతుంది.

'నీవే రాసుకొని రా, సంతకం పెడతాను' అన్న పద్ధతి పెరిగిపోతున్నది. పనిభారం, ఇంగ్లీషు భయం దీనికి కారణాలు. పాఠాలు, మూల్యాంకనం, దేవస్థాన ఉత్సవాల బాధ్యతలు, ఎన్నికల విధులు మీద పడిన అధ్యాపకుని కష్టం కాదనలేనిది. కాని విద్యార్థి తనను గురించి తానే రాసుకొన్నపుడు రెండింటిలో ఒకటి జరుగుతుంది. బిడియస్థుడు తనను తగ్గించుకొంటాడు. గడుసువాడు ఎక్కడి నుండో నకలు తీస్తాడు. ముగ్గురు అధ్యాపకుల లేఖలలో ఒకే వాక్యం, ఒకే అక్షరదోషం కనబడినపుడు పరీక్షకుడు ఆ మూటనే పక్కన పెట్టేస్తాడు. ఆప్తత్వంలోని మొదటి అంగమైన సాక్షాత్కారమే అందులో లేదు గదా.

ఇంగ్లీషు భయానికి మందు ఉన్నది. ముందుగా తెలుగులో రాయవలెను. పొట్టి వాక్యాలలో, తాను చూచిన విషయాలు మాత్రం రాసి, ఇంగ్లీషు శాఖలోని సహోద్యోగి చేత అనువదింపజేసి, అనువాదంలో తాను రాయని విశేషణాలు చేరలేదని సరిచూచుకోవలెను. సంస్కృత విశ్వవిద్యాలయాలకు పంపే లేఖ సంస్కృతంలోనే ఉంటే శోభ, గౌరవం. తిరుపతిలోని విద్యాపీఠం 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైనది. అట్టిచోటికి ప్రాచ్యకళాశాల అధ్యాపకుడు తడబడే ఇంగ్లీషులో రాయవలసిన అగత్యమేమున్నది?

తన జ్ఞానపు హద్దును చెప్పుకోవడం వల్ల లేఖ బలహీనపడుతుందని చాలమంది అనుకొంటారు. శ్రీనివాస రామానుజన్ విషయంలో జరిగినది దీనికి విరుద్ధం. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రామానుజన్ నోటు పుస్తకాలను 1913 ఫిబ్రవరిలో వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ చూచినాడు. ఆయన పూర్వం కేంబ్రిడ్జిలో గణితం బోధించినవాడు. మద్రాసు విశ్వవిద్యాలయానికి రాసిన లేఖలో ఆయన ఆ పని స్వతంత్రతలో కేంబ్రిడ్జి కళాశాల గణిత ఫెలో స్థాయికి తగినదన్నాడు. అందులో పరిపూర్ణత, నిర్దుష్టత కొరవడినవని కూడ రాసినాడు. ఆ గణితశాఖలలో తాను విశేషకృషి చేసినవాడు కానందున రామానుజన్ శక్తిని కచ్చితంగా అంచనా కట్టలేనని ఒప్పుకొన్నాడు. ఒక్క విషయం మాత్రం నిస్సందేహమన్నాడు: కొన్నేండ్లు జీవనోపాధి చింత లేకుండ ఇతడు గణితానికే కాలం వినియోగించేటట్లు విశ్వవిద్యాలయం చేయడం సమంజసం. విశ్వవిద్యాలయం రెండేండ్లపాటు నెలకు 75 రూపాయల వేతనం మంజూరు చేసినది. పట్టా లేని గుమాస్తాకు ఆ లేఖ చేసిన మేలు ఎంతటిది! లోపాన్ని, తన హద్దును చెప్పినవాడు మిగిలినది కూడ నిజమే చెబుతున్నాడని చదివేవాడు నమ్ముతాడు.

రాయలేనపుడు రాయలేనని చెప్పడం గురువుకు కష్టం. గ్రామసంబంధాలు, విద్యార్థి తండ్రి వచ్చి గుమ్మం ముందు నిలబడడం ఆ కష్టాన్ని పెంచుతాయి. మొగమాటం కొద్ది ఒప్పుకొని నీరసంగా నాలుగు వాక్యాలు రాయడం తిరస్కారం కంటె క్రూరమైనది. విద్యార్థికి అది తెలియదు, తెలుసుకొనే దారి లేదు. నీ పనిని నాకంటె ఫలానావారు బాగుగా ఎరుగుదురు, వారిని అడుగుమని సకాలంలో చెబితే వానికి మరొక తలుపు మిగులుతుంది. దీనికి మినహాయింపు ఒక్కటే. మరి ఏ అధ్యాపకుడూ ఎరుగని విద్యార్థి వస్తే, గడువు వరకు ఉన్న రోజులలో వాని చేత ఒక పద్యానికి వ్యాఖ్యానం రాయించి, ఒక గంట కూర్చుండబెట్టి ప్రశ్నించి, అంతవరకే తెలుసునని చెబుతూ రాయవచ్చు. రాముడు హనుమంతుని ఎరిగినది అంతకంటె ఎక్కువ సేపు కాదు.

ఇవి ఒక్కొక్క అధ్యాపకుడు చేయదగినవి. కళాశాల చేయదగినవి కొన్ని ఉన్నవి. నేడు పలు విదేశీ విశ్వవిద్యాలయాలు లేఖను కాగితం మీద స్వీకరించవు. అధ్యాపకునికి ఈ-మెయిలులో ఒక లంకె పంపి అందులో చేర్చుమంటాయి. సంస్థ పేరుతో కూడిన ఈ-మెయిలు చిరునామా లేని అధ్యాపకుని లేఖను కొందరు అనుమానంతో చూస్తారు. ఆ లంకె అనవసరపు ఉత్తరాల సంచిలో పడి గడువు దాటిపోవడం కూడ జరుగుతున్నది. విద్యార్థి చేయగలిగినదంతా చేసి, చివరి మెట్టు మీద ఓడిపోతాడు. ప్రతి అధ్యాపకునికి కళాశాల పేరిట ఒక చిరునామా ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. ప్రతి తరగతికి ఒక పుస్తకం పెట్టి, విద్యార్థి అడిగిన మంచి ప్రశ్న, రాసిన మంచి వ్యాసం, చేసిన ప్రసంగం తేదీతో సహా రెండు పంక్తులలో నమోదు చేస్తే, మూడేండ్ల తరువాత లేఖ రాయవలసినపుడు జ్ఞాపకశక్తి మీద ఆధారపడవలసిన పని ఉండదు. లేఖ కోరే విద్యార్థి నెల రోజుల ముందు రావలెనని, మార్కుల పత్రాలు, తాను రాసిన ఒక వ్యాసం, తాను చేరదలచిన శాఖ వివరాలు తేవలెనని ప్రకటనపలక మీద జూన్ మాసంలోనే అంటించవచ్చు.

చివరిది, ఒక్కసారి చేస్తే ఏటేటా పనికివచ్చేది. కళాశాల తరఫున ఒక పుట పరిచయపత్రం ఇంగ్లీషులో సిద్ధం చేసి ప్రతి లేఖకు జతపరచవలెను. పట్టా పేరు, అది ఎన్నేండ్ల చదువు, ఏ విశ్వవిద్యాలయానిది, ఆ విశ్వవిద్యాలయం ఎప్పటి నుండి, బోధనామాధ్యమం ఏది, ఏ ఏ మూలగ్రంథాలు ఆద్యంతం చదివిస్తారు, వ్యాకరణంలో లఘుకౌముది వరకా సిద్ధాంతకౌముది వరకా, ఛందస్సు, అలంకారశాస్త్రం ఎంతమేరకు, మౌఖికపరీక్ష ఎట్లు జరుగుతుంది, ప్రథమశ్రేణి అంటే ఎన్ని మార్కులు, గత సంవత్సరాలలో ఎందరికి ఆ శ్రేణి వచ్చినది – ఇంతవరకు ఉంటే చాలును. విద్యార్థులను గురించిన మాట ఒక్కటైనా ఈ పత్రంలో ఉండనక్కరలేదు.